గది గదికీ పాట: ఇళ్లలో ధ్వని పంపిణీ చరిత్ర

ఇంటిలో ఒకచోట మొదలైన సంగీతాన్ని హాలులోనూ, వంటగదిలోనూ, పడకగదిలోనూ ఏకకాలంలో వినిపించే ఏర్పాటును ఈనాడు మల్టీరూమ్ ఆడియో అంటున్నారు. గదికొక స్పీకరు, వాటన్నింటినీ కలిపే వైఫై, వాటిని నడిపే ఫోను ఉంటే చాలు గనుక ఇది ఈ శతాబ్దపు ఆవిష్కరణగా కనిపిస్తుంది గాని, దాని వెనుక ఉన్న ఆలోచనకు 140 ఏళ్లు దాటాయి. ఒకచోట పుట్టిన ధ్వనిని అనేక చోట్లకు చేర్చాలంటే మూడు సాంకేతిక సమస్యలు దాటాలి: ధ్వనిని దూరానికి మోయడం, పంచేకొద్దీ అది నీరసించకుండా కాపాడడం, అన్ని చోట్లా అది ఒకే క్షణాన మోగేటట్లు చూడడం. ఇంజనీర్లు ఈ మూడింటినీ ఒకదాని తరువాత ఒకటిగా పరిష్కరించారు. గదిలో ఏం మోగాలో నిర్ణయించే అధికారం ఎవరిదన్న నాలుగవ ప్రశ్న మాత్రం ఏ ఇంజనీరింగుతోనూ తీరక, ప్రతి తరంలోనూ కొత్త రూపంలో తిరిగి వచ్చింది. ఈ చరిత్రను అర్థం చేసుకోవడానికి ఆ ప్రశ్నే ఆధారం.

టెలిఫోను తీగ మీద ఒపేరా

1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ ప్రదర్శనలో క్లెమాన్ అదేర్ అనే ఫ్రెంచి ఇంజనీరు, పారిస్ ఒపేరా వేదిక ముందు అంచున టెలిఫోను మైకులను వరుసగా అమర్చి, అక్కడి నుంచి రెండు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ప్రదర్శనశాల గదులకు భూగర్భ మురుగు కాలువల గుండా తీగలు వేయించాడు. శ్రోత రెండు చెవులకూ రెండు రిసీవర్లు పెట్టుకునేవాడు. వేదిక మీద ఎడమ పక్కన ఉన్న మైకు ధ్వని ఒక చెవికి, కుడి పక్కన ఉన్న మైకు ధ్వని మరొక చెవికి చేరేది. గాయకుడు వేదిక మీద ఒక పక్క నుంచి మరొక పక్కకు నడిస్తే ఆ నడక కూడా తెలిసేది కనుక, నేడు స్టీరియో అని పిలిచే పద్ధతికి ఇది తొలి ప్రదర్శనగా పేరు పొందింది. 1890లో ఇదే ఏర్పాటు థియేట్రోఫోన్ పేరుతో వ్యాపార సంస్థగా మారి, హోటళ్లలోనూ కాఫీ గృహాలలోనూ నాణెం వేస్తే కొద్ది నిమిషాలు పాట వినిపించే పెట్టెలను నిలిపింది. చందా కట్టినవారికి ఇంటికే తీగ ఇచ్చింది. నవలాకారుడు మార్సెల్ ప్రూస్త్ 1911లో ఆ చందాదారులలో చేరి, ఇల్లు కదలకుండానే ఒపేరాలు విన్నాడు. రేడియో, గ్రామఫోను పోటీకి తట్టుకోలేక ఆ సంస్థ 1932లో మూతపడింది.

పారిస్ శ్రోత విన్నది నాటకశాలలో ఆనాడు జరుగుతున్న కార్యక్రమాన్నే గాని, ఇంటి శ్రోత కోసమని తయారుచేసినదాన్ని కాదు. ఆ తదుపరి అడుగు బుడాపెస్ట్‌లో పడింది. థామస్ ఎడిసన్‌తో కలిసి పనిచేసిన హంగేరియన్ ఆవిష్కర్త తివదార్ పుష్కాష్ 1893 ఫిబ్రవరి 15న టెలిఫోన్ హిర్మోందో అనే సేవను ప్రారంభించి, మరుసటి నెలలోనే మరణించాడు. సేవ మాత్రం రెండవ ప్రపంచయుద్ధ కాలం వరకు నిలిచింది. ఒక కేంద్రంలో కూర్చున్న వ్యక్తి ఉదయం నుంచి రాత్రి వరకు నిర్ణీత వేళల ప్రకారం వార్తలు, వాటాల ధరలు, పార్లమెంటు విశేషాలు చదవడం, సాయంత్రం ఒపేరా ప్రసారం చేయడం, నగరంలోని చందాదారులందరూ తమ తమ గదులలో దాన్ని ఒకేసారి వినడం అనే ఈ పద్ధతి, రేడియో ప్రసారాలు పుట్టడానికి పాతికేళ్లకు పైగా ముందే రేడియో స్టేషను రూపాన్ని సంతరించుకుంది. లండన్‌లో ఎలక్ట్రోఫోన్ అనే సంస్థ 1895 నుంచి 1925 వరకు నాటకశాలల ప్రదర్శనలను, చర్చి ప్రసంగాలను ఇదే విధంగా ఇళ్లకు చేర్చింది.

ఈ సేవలన్నింటికీ ఒక అడ్డంకి ఉండేది. మైకు నుంచి బయలుదేరిన బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని పెంచే సాధనం అప్పటికి లేదు కనుక, దాన్ని ఎన్ని చెవులకు పంచితే ఒక్కొక్క చెవికి అంత తక్కువ అందేది. బుడాపెస్ట్‌లో చదువరులను గొంతు బలాన్ని చూసి ఎంపిక చేసుకోవలసి వచ్చింది. శ్రోత రిసీవరును చెవికి ఆనించుకునే వినవలసి ఉండేది; గదినంతా నింపే ధ్వని ఇంకా సాధ్యపడలేదు.

కేంద్రం చేతిలోని మీట

ఆ అడ్డంకిని తొలగించినది శూన్య నాళిక, అంటే గాలి తీసివేసిన గాజు బుడ్డిలో ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని చిన్న సంకేతంతో అదుపు చేసి పెద్ద సంకేతాన్ని రాబట్టే పరికరం. లీ డి ఫారెస్ట్ 1906లో రూపొందించిన నాళిక తరువాతి పదేళ్లలో మెరుగుపడి యాంప్లిఫయరుకు గుండెకాయ అయింది. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ ప్రకటించిన కాగితపు శంకువు లౌడ్‌స్పీకరు, ఈనాటికీ దాదాపు ప్రతి స్పీకరుకూ మూలరూపం. ఈ రెండూ చేతికి రావడంతో ఒక గదిలోని రేడియో ధ్వనిని వందల గదులకు తీగ ద్వారా పంపడం సుసాధ్యమైంది.

బ్రిటన్‌లో 1925లో సౌతాంప్టన్ సమీపంలోని హైత్ గ్రామంలో ఒక వ్యాపారి, తన రేడియో నుంచి ఇరుగుపొరుగు ఇళ్ల స్పీకర్లకు తీగలు వేసి అద్దె వసూలు చేయడం మొదలుపెట్టాడు. రిలే ఎక్స్ఛేంజి అనే ఈ పద్ధతిలో చందాదారుకు రేడియో సెట్టు, ఏరియల్, బ్యాటరీ ఏవీ అక్కరలేదు; గోడకు ఒక స్పీకరు, దాన్ని ఆన్, ఆఫ్ చేసే మీట ఉంటే చాలు. సొంత సెట్టు కొనలేని శ్రామిక కుటుంబాలకు ఇది అందుబాటులోకి రావడంతో, 1928లో ఏర్పడిన రీడిఫ్యూజన్ వంటి సంస్థలు పట్టణాలకు పట్టణాలనే తీగలతో కలిపాయి. అయితే ఏ స్టేషను ధ్వనిని తీగలోకి వదలాలన్నది ఎక్స్ఛేంజి యజమాని ఇష్టం. అతడు తమ కార్యక్రమాల నడుమ విదేశీ వాణిజ్య స్టేషన్ల వినోదాన్ని జొప్పిస్తాడని బి.బి.సి. కలవరపడింది. రేడియో భవిష్యత్తును పరిశీలించిన ఉల్స్‌వాటర్ కమిటీ 1936లో, ఈ ఎక్స్ఛేంజీలను తపాలా శాఖ స్వాధీనం చేసుకోవాలనీ, వాటి కార్యక్రమాలు బి.బి.సి. అదుపులో ఉండాలనీ సిఫారసు చేసింది. శ్రోతకు ఎంపిక పెంచడం గురించి కన్నా, ఆ ఎంపిక వ్యాపారిదా సంస్థదా అన్నదాని గురించే ఆనాటి వాదం నడిచింది.

సోవియట్ యూనియన్‌లో ఈ ప్రశ్నకు రాజ్యమే సమాధానమైంది. అక్కడ ప్రతి అపార్టుమెంటుకూ రేడియో తోచ్కా, అంటే రేడియో బిందువు, అనే ప్లగ్గును ఇచ్చి, దానికి ధ్వని తగ్గించుకునే బొడిపె మాత్రమే ఉన్న స్పీకరును తగిలించారు. మరొక స్టేషనుకు మారే వీలు 1960లలో మూడు కార్యక్రమాల తీగ వచ్చేదాకా లేదు. 1941లో జర్మనీ దాడి మొదలవగానే పౌరుల సొంత రేడియో సెట్లను అప్పగించమని ప్రభుత్వం ఆదేశించడంతో, ముట్టడిలో చిక్కుకున్న లెనిన్‌గ్రాద్‌కు ఈ తీగ స్పీకరే లోకంతో సంబంధమైంది. ప్రసారాల మధ్య విరామంలో స్టేషను ఒక మెట్రోనోమ్ చప్పుడు వినిపించేది: అది నెమ్మదిగా సాగితే ప్రమాదం లేదని, వడిగా సాగితే విమానదాడి వస్తోందని జనానికి అర్థం. ఏం వినాలో నిర్ణయించే హక్కు గదికి ఏమాత్రం లేని ఆ ఏర్పాటే, ఆకలితో చలితో ఒంటరి అయిన మనుషులకు నగరం ఇంకా బతికే ఉందన్న ధైర్యాన్ని ఇచ్చింది. కేంద్రం అధికారాన్ని విమర్శించేటప్పుడు అది కల్పించే సామూహికతను కూడా లెక్కలోకి తీసుకోవలసిందేనని లెనిన్‌గ్రాద్ గుర్తుచేస్తుంది.

తెలుగు నేల మీద: పంచాయతీ రేడియో, మైకు సెట్టు

తెలుగు ప్రాంతాలలో ధ్వని పంపిణీ ఇంటి గదులలో గాక ఆరుబయట మొదలైంది. ఆనాడు తెలుగు జిల్లాలకు కూడా రాజధానిగా ఉన్న మద్రాసులో, 1924లో ఏర్పడిన రేడియో క్లబ్బు ఆర్థిక ఇబ్బందులతో మూతపడగా, 1930లో నగర కార్పొరేషను ప్రసారాన్ని చేపట్టి, సెట్టు లేనివారి కోసం పార్కులలోనూ సముద్రతీరంలోనూ లౌడ్‌స్పీకర్లు పెట్టించింది. హైదరాబాదు సంస్థానంలో 1935 నుంచి దక్కన్ రేడియో నిజాం ప్రభుత్వ ఆధ్వర్యంలో నడిచింది. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైంది. ఇంటింటా రేడియో లేని ఆ రోజులలో పల్లెకు దక్కినది పంచాయతీ రేడియో. పంచాయతీ కార్యాలయంలో సెట్టు, దాని వాకిట లౌడ్‌స్పీకరు ఉండగా, సాయంత్రం వేళ రైతులు అక్కడ చేరి వ్యవసాయ కార్యక్రమాలు, వార్తలు, సంగీతం వినేవారు. బ్రిటన్‌లో ఎక్స్ఛేంజి యజమాని చేతిలో ఉన్న మీట ఇక్కడ పంచాయతీ ఉద్యోగి చేతిలో ఉండేది.

పెళ్లి పందిళ్లకూ, గుడి ఉత్సవాలకూ, ఎన్నికల సభలకూ ఊళ్లలో మైకు సెట్లు అద్దెకు ఇచ్చినవారు ఈ చరిత్రలో పేర్లు నమోదు కాని సాంకేతిక నిపుణులు. ఒక యాంప్లిఫయరు నుంచి ఊరి పొడవునా స్తంభాలకు కట్టిన గొట్టపు స్పీకర్లను మోగించడానికి వారు వాడిన 100 వోల్టుల లైను పద్ధతిని ఇక్కడ వివరించడం అవసరం, ఎందుకంటే పెద్ద భవనాలలో నేటికీ అదే ఆధారం. మామూలు స్పీకరు నిరోధం 8 ఓములు. దానికి 10 వాట్ల శక్తిని నేరుగా పంపాలంటే తీగలో సుమారు 1.1 ఆంపియర్ల కరెంటు పారాలి. తీగ పొడవుగా ఉంటే ఆ శక్తిలో చాలా భాగం తీగ వేడెక్కడానికే పోతుంది. అదే శక్తిని ట్రాన్స్‌ఫార్మరు ద్వారా 100 వోల్టులకు పెంచి పంపితే 0.1 ఆంపియరు చాలు. తీగలో నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక అది సుమారు 125 రెట్లు తగ్గుతుంది. స్పీకరు దగ్గర ఉన్న చిన్న ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని తిరిగి దించుతుంది. ఏ స్పీకరుకు ఎన్ని వాట్లు ఇవ్వాలో అక్కడే నిర్ణయించవచ్చు. దూరాలకు కరెంటు సరఫరా చేసే హైటెన్షన్ లైన్ల సూత్రాన్నే ధ్వనికి వర్తింపజేసిన ఈ పద్ధతితో రెండవ సమస్య, అంటే పంచేకొద్దీ నీరసించే ధ్వని సమస్య, తీరిపోయింది.

ఇంటి గోడల లోపలికి

రెండవ ప్రపంచయుద్ధం తరువాత అమెరికా శివారు పట్టణాలలో లక్షలాది కొత్త ఇళ్లు లేచినప్పుడు, గోడలు పూర్తికాకముందే వాటిలో ధ్వని తీగలు పరచే అవకాశం మొదటిసారి విస్తృతంగా దొరికింది. సిన్సినాటి నగరానికి చెందిన న్యూటోన్ వంటి కంపెనీలు 1950లలో రేడియో ఇంటర్‌కామ్‌లను అమ్మాయి. వంటగది గోడలో ఒక ప్రధాన పెట్టె, గదికొక చిన్న స్పీకరు, వీధి గుమ్మం దగ్గర మరొకటి ఉండేవి. రేడియో సంగీతం ఇల్లంతా మోగుతుండగా గృహిణి మీట నొక్కి పిల్లలను భోజనానికి పిలవవచ్చు, గుమ్మం ముందు నిలబడినవారితో మాట్లాడవచ్చు. కేంద్రం నగరం నుంచి వంటగదికి మారింది గాని, ప్రతి గదికీ వెళ్లేది ఒకే కార్యక్రమమే.

హైఫై, అంటే మూలధ్వనికి వీలైనంత నమ్మకంగా ఉండే సంగీత పరికరాలు, ఇళ్లకు వచ్చాక వినియోగదారు మంచి యాంప్లిఫయరునే అన్ని గదులకూ వాడుకోవాలనుకున్నాడు. ఇక్కడ ఒక ప్రమాదం ఎదురైంది: 8 ఓముల స్పీకర్లు నాలుగింటిని సమాంతరంగా కలిపితే మొత్తం నిరోధం 2 ఓములకు పడిపోయి, యాంప్లిఫయరు భరించలేనంత కరెంటు ఇవ్వవలసి వచ్చి కాలిపోవచ్చు. దీనికి విరుగుడుగా నిరోధాన్ని సరిచేసే స్పీకరు సెలెక్టర్లు, గోడ మీటలు వచ్చాయి. ఆ తరువాత 1980లలో డెన్మార్క్ కంపెనీ బ్యాంగ్ అండ్ ఓలుఫ్సెన్ ప్రధాన గదిలోని పరికరాన్ని మిగతా గదుల నుంచి రిమోటుతో నడిపే ఏర్పాటు తెచ్చింది. తెర వెనుక మరింత ముఖ్యమైన మార్పు మాట్రిక్స్ అనే పరికరంతో వచ్చింది. రేడియో, క్యాసెట్టు, సీడీ వంటి మూలాలను ఒక పక్క, గదులను మరొక పక్క పెట్టుకుని, ఏ గదికి ఏ మూలాన్నైనా విడిగా కలపగల స్విచ్చు ఇది. తండ్రి హాలులో వార్తలు వింటుండగా కూతురు తన గదిలో పాటలు వినగలగడం, ఒకే తీగల వ్యవస్థలో మొదటిసారిగా దీనితో సాధ్యమైంది. అయితే గోడలు తవ్వి తీగలు వేయించగల, నిపుణుల చేత అమర్పించుకోగల సంపన్నులకే ఈ స్వేచ్ఛ పరిమితమైంది.

ఒకే క్షణాన మోగడం

1990ల చివర సంగీతం డిస్కును విడిచి ఫైలుగా మారింది. సీడీ ధ్వనికి సెకనుకు సుమారు 14 లక్షల బిట్లు కావలసి ఉండగా, 1999లో ప్రమాణంగా రూపొందిన 802.11బి వైఫై సెకనుకు 110 లక్షల బిట్ల వేగాన్ని ప్రకటించింది. అంటే గోడ తవ్వకుండానే పాట గది దాటగలదు. స్లిమ్ డివైసెస్ అనే చిన్న కంపెనీ 2001లో కంప్యూటరులోని పాటలను నెట్‌వర్కు ద్వారా వినిపించే పెట్టెను, 2003లో స్క్వీజ్‌బాక్సును విడుదల చేసి, వాటిని నడిపే సర్వర్ ప్రోగ్రామును అందరికీ తెరచి ఉంచింది. 2004లో యాపిల్ తన ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ ద్వారా కంప్యూటరులోని పాటను మరొక గది స్పీకరుకు పంపే వీలు కల్పించింది.

తీగలో లేని చిక్కు వైఫైలో ఎదురైంది. తీగలో ప్రయాణించే సంకేతం అన్ని స్పీకర్లనూ ఆచరణలో ఒకేసారి చేరుతుంది. వైఫైలో పాట చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోయి, ఒక్కొక్కటి ఒక్కొక్క ఆలస్యంతో చేరుతుంది. పైగా ప్రతి స్పీకరూ తనలోని స్ఫటిక గడియారాన్ని బట్టి పాటను వినిపిస్తుంది. ఒకేసారి సరిచేసి పెట్టిన రెండు గోడ గడియారాలు కొన్నాళ్లకు తేడా చూపినట్లే ఈ స్ఫటికాలు కూడా కొద్దికొద్దిగా దూరమవుతాయి. తేడా 10 లక్షలకు 50 చొప్పున ఉన్నా, గంట గడిచేసరికి రెండు స్పీకర్ల మధ్య 180 మిల్లీసెకన్ల ఎడం, అంటే సెకనులో దాదాపు అయిదో వంతు, ఏర్పడుతుంది. హెల్ముట్ హాస్ 1949లో గొటింగెన్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన ప్రకారం, ఒకే ధ్వని రెండు చోట్ల నుంచి సుమారు 30 మిల్లీసెకన్లలోపు తేడాతో వస్తే చెవి దాన్ని ఒక్కటిగానే గ్రహిస్తుంది. ఆ హద్దు బాగా దాటితే ప్రతిధ్వనిగా వింటుంది. గాలిలో 10 మీటర్ల దూరానికే ధ్వనికి సుమారు 29 మిల్లీసెకన్లు పడుతుంది కనుక, హాలుకూ వంటగదికీ మధ్య నిలబడిన మనిషికి ఈ హద్దు చాలా ఇరుకు.

దీనికి పరిష్కారం ఒక స్పీకరును నాయకుడిగా ఎంచుకోవడం. అది పాటలోని ప్రతి ముక్కకూ ఏ క్షణాన మోగాలో ముహూర్తం నిర్ణయించి పంపుతుంది. మిగతావి సందేశాలు ఇచ్చిపుచ్చుకుంటూ నాయకుడి గడియారంతో తమ తేడాను లెక్కగట్టి, పాటను కొంత ముందుగానే నిల్వ చేసుకుని, వేగాన్ని వినికిడికి అందనంత స్వల్పంగా సవరించుకుంటూ ఆ ముహూర్తానికి మోగిస్తాయి. 2002లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో స్థాపితమైన సోనోస్ కంపెనీ ఈ పద్ధతిని సామాన్య గృహస్థుడు స్వయంగా అమర్చుకోగల రూపానికి తెచ్చింది. 2005లో మార్కెట్లోకి వచ్చిన దాని తొలి పరికరాలలో ఒక పెట్టె రూటరుకు తగులుకుంటే, మిగతావి ఒకదానినుంచి మరొకటి సంకేతాన్ని అందుకునే సొంత అల్లికను ఏర్పరచుకునేవి. చేతిలో పట్టుకునే రంగుల తెర రిమోటుతో ఏ గదికి ఏ పాటనైనా పంపవచ్చు, అన్ని గదులనూ ఒక్కటి చేయవచ్చు. 2008లో ఐఫోను యాప్ రావడంతో ఆ ఖరీదైన రిమోటు అవసరం కూడా తీరిపోయింది. మూడవ సమస్య పరిష్కారమైంది; మీట శ్రోత జేబులోకి చేరింది.

తిరిగి వచ్చిన ప్రశ్న

మీట శ్రోతకు చేరిందన్న భావన ఎక్కువ కాలం నిలవలేదు. స్పీకరు లోపల కంప్యూటరు ఉన్నప్పుడు, దాన్ని నడిపే ప్రోగ్రామును మార్చే హక్కు తయారీదారు దగ్గరే ఉంటుంది. 2018లో సోనోస్ తన తొలి రిమోటును బ్యాటరీ భద్రత కారణంగా పనిచేయకుండా చేసింది. 2020లో పాత పరికరాలకు కొత్త ప్రోగ్రాములు ఆపివేస్తామన్న ప్రకటన వినియోగదారుల ఆగ్రహానికి దారితీసింది. చివరకు పాత, కొత్త పరికరాలకు వేర్వేరు యాప్‌లు ఏర్పడ్డాయి. 2024లో పూర్తిగా మార్చిన యాప్ నుంచి అలారం వంటి అలవాటైన సౌకర్యాలు మాయం కావడంతో చెలరేగిన అసంతృప్తి తరువాత, 2025 జనవరిలో కంపెనీ అధిపతి పదవి వదిలారు. ఇది ఒక్క కంపెనీకే చెందిన సంగతి కాదు. 2022 జనవరిలో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య సంఘం గూగుల్ సంస్థ సోనోస్ పేటెంట్లను అతిక్రమించిందని తీర్పు ఇవ్వగా, గూగుల్ స్పీకర్ల గుంపు మొత్తానికీ ఒకేసారి ధ్వనిని పెంచే, తగ్గించే సౌకర్యం కొంతకాలం మారిపోయింది. రెండు కంపెనీల న్యాయవివాదం ఎన్నో ఇళ్లలోని ధ్వని బొడిపెను కదిలించింది.

లెనిన్‌గ్రాద్ అపార్టుమెంటులోని తీగ స్పీకరుకూ, నేటి వైఫై స్పీకరుకూ మధ్య సాంకేతికంగా ఎంతో దూరం ఉన్నప్పటికీ, ఆ స్పీకరు రేపు ఏం చేయగలదో గది బయట ఉన్నవారే నిర్ణయిస్తారన్న విషయంలో ఆ రెండూ దగ్గరివే. అయితే ఈ చరిత్ర నిస్సహాయతను బోధించదు. 2012లో తయారీ నిలిచిపోయిన స్క్వీజ్‌బాక్సులు నేటికీ పాడుతున్నాయంటే, వాటి సర్వర్ ప్రోగ్రాము తెరచి ఉండడం వల్ల ఔత్సాహికులు దాన్ని కాపాడుకోగలగడమే కారణం. మామూలు తీగ స్పీకరు, సరిగా చూసుకుంటే, దశాబ్దాలు నిలుస్తుంది. అందులో పాతబడే ప్రోగ్రామే లేదు.

కనుక ఇల్లు కట్టుకునేవారు గోడలు పూర్తికాకముందే ప్రతి గదికీ స్పీకరు తీగ, నెట్‌వర్కు తీగ పోయేటట్లు గొట్టాలు వేయించుకోవడం, స్పీకర్లను ఒక కంపెనీ నుంచి, వాటిని నడిపే పెట్టెను విడిగా ఎంచుకోవడం, ఇంటర్నెట్ లేకున్నా సొంత పాటలు మోగగల పద్ధతికి ప్రాధాన్యమివ్వడం పాతకాలపు పట్టుదల అనిపించుకోదు. పెట్టె పాతబడితే పెట్టెనే మార్చవచ్చు, తీగా స్పీకరూ అలాగే ఉంటాయి. ధ్వనిని మోయడం, పెంచడం, ఒకే క్షణాన మోగించడం ఇంజనీర్లు నేర్పిన విద్యలు. మీటను ఇంటిలోనే ఉంచుకోవడం మాత్రం ఇంటివారు ఇల్లు కడుతున్ననాడే తీసుకోవలసిన నిర్ణయం.